చేవయు చేతిపనియు: కడపసీమ కొయ్యశిల్పము



రాయలసీమ యను పేరు రాయలవారినిబట్టి వచ్చినదైనను, వినువారి చెవికి మొదట సోకునది రాయియే. కడప బండలు తెలుగువారి ఇండ్లలో ఎన్నిచోట్ల పరచబడినవో లెక్కింపజాలము. బేతంచెర్ల నాపరాయి, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కు దేవతామూర్తులు, ఒంటిమిట్ట కోదండరామాలయపు మండపస్తంభములు అందరెరిగినవే. సుమారు క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనము, తెలుగుభాషలో మనకు లభించిన శాసనములలో మొదటిదని పండితులు గణించునది, ఈ కడప మండలములో రాతిమీదనే చెక్కబడినది. ఇన్ని రాళ్లనడుమ కొయ్యను గూర్చి చెప్పబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ సీమలో కొయ్యశిల్పము ఒకటి కలదు. దానికొక చరిత్ర కలదు. నేడు దానికొక ఆపదయు కలదు. ఈ మూడింటిని మీకు విన్నవించుట నా ప్రసంగోద్దేశము.

మొదట రాతికిని కొయ్యకును గల చుట్టరికమును తెలిసికొనవలెను. మనదేశమున రాతిపని కంటె కొయ్యపని ప్రాచీనమైనది. రాతిని చెక్కిన తొలి శిల్పులు కొయ్యపనివారి పద్ధతినే అనుసరించిరి. ఏలూరు సీమలోని గుంటుపల్లి బౌద్ధగుహను చూచినవారికి ఈ సంగతి ప్రత్యక్షముగా తెలియును. గుండ్రముగా తొలిచిన ఆ రాతిచైత్యపు కప్పులో, వంచిన దూలములును వాసములును పేర్చినట్లుగా గీతలు చెక్కియున్నారు. రాతికప్పునకు వాసములతో పని యేమి? కొయ్యకప్పును చూచి చెక్కినందున వాసములు కూడ వచ్చినవి. విజయనగర కాలమున పదునారవ శతాబ్దములో హంపి విఠలాలయపు ముంగిట నిలిపిన రాతిరథమును, తాడిపత్రి చింతల వేంకటరమణాలయములో రథాకారముగా కట్టిన గరుడమండపమును అట్టివే. ఉత్సవవీథులలో తిరుగుచుండిన కొయ్యతేరును చూచి రాతిపనివారు ఆ రూపమును స్థిరపరచిరి. కదలు తేరు నశించినది, కదలని తేరు మిగిలినది. కావున రాతిశిల్పమునకు కొయ్యశిల్పమే గురువనుట అతిశయోక్తి కానేరదు.

అట్లయినచో ఆ గురువుగారి పనితనము మనకు కానరాదేల? చెద, ఎండ, వాన, నిప్పు అను నాలుగు శత్రువులు కొయ్యకు కలవు. వేయేండ్ల నాటి రాతిగుడి నిలిచినచోటనే నూరేండ్ల నాటి కొయ్యవాకిలి నిలువదు. కాని మన పెద్దలు ఈ నశ్వరత్వమును దోషముగా భావింపలేదు. పూరీలో జగన్నాథస్వామి మూర్తులు వేపకొయ్యతో చేసినవి. కొన్నేండ్ల కొకసారి నవకళేబర మను ఉత్సవముతో పాతమూర్తుల స్థానమున క్రొత్తమూర్తులను ప్రతిష్ఠింతురు. కడపటిసారి 2015లో ఈ ఉత్సవము జరిగినది. అంతకుముందు 1996లో జరిగినది. కాంచీపురమున అత్తి వరదరాజస్వామి మూర్తి మేడికొయ్యది. కోనేటి నీటిలో ఉంచి నలువదియేండ్ల కొకసారి పైకి తీయుదురు. 2019లో నలువదియెనిమిది దినములు భక్తులకు దర్శనము లభించినది. ఒకచోట మూర్తిని మార్చుచు, మరియొకచోట నీటిలో దాచుచు, రెండుచోట్లను మనవారు కొయ్యశిల్పమును కాపాడుకొనిరి. మార్చవలెనన్నచో చెక్కుటకు తెలిసిన చేయి తరతరమునకు ఉండవలెను. రాతివిగ్రహము ఒకసారి చెక్కినచో శిల్పి లేకున్నను నిలుచును. కొయ్యవిగ్రహము నిలువవలెనన్నచో శిల్పివంశము నిలువవలెను.

ఇట్టి శిల్పికి శాస్త్రము గొప్ప స్థానమిచ్చినది. విశ్వకర్మ పంచముఖములనుండి పుట్టిన అయిదుగురిలో మనువు ఇనుపపనికిని, మయుడు కొయ్యపనికిని, త్వష్ట కంచుపనికిని, శిల్పి రాతిపనికిని, విశ్వజ్ఞుడు బంగారుపనికిని మూలపురుషులని సంప్రదాయము. కడప మండలములోని కందిమల్లాయపల్లెలో మఠము స్థాపించిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఈ విశ్వబ్రాహ్మణ సంప్రదాయమునకు చెందినవాడే. నంద్యాల మండలములోని బనగానపల్లెతోను ఆయనకు సంబంధము కలదు. ఆయన పేరు చెప్పుకొని ఉలి చేతబట్టువారు ఈ రెండు మండలములలో నేటికిని కలరు.

వరాహమిహిరుని బృహత్సంహితలో వనసంప్రవేశమను అధ్యాయ మొకటి కలదు. విగ్రహమునకు కొయ్య తెచ్చుటకై అడవిలో ప్రవేశించు విధానమును అందు చెప్పినాడు. శ్మశానమునందు మొలచినదియు, పిడుగుపడినదియు, పక్షిగూళ్లు గలదియు, తీగలు చుట్టుకొన్నదియు నగు చెట్టు పనికిరాదు. తగిన చెట్టును ఎన్నుకొని రాత్రివేళ పూజించి, అందు వసించు భూతములను వేరొకచోటికి తరలిపొమ్మని ప్రార్థించి, మరునాటి యుదయమున గొడ్డలి వేయవలెను. నేటివారు దీనిని మూఢాచారమని నవ్వవచ్చును. కాని విచారించి చూడుడు. చెట్టును కొట్టుటకు ముందొక రాత్రి ఆగవలెనను నియమము, కంటబడిన చెట్టునెల్ల నరకకుండ చేయి పట్టుకొని ఆపునది కాదా? అడవిని కాపాడు చట్టము మనకు 1882లో దొరలు తెచ్చిపెట్టినదని కొందరందురు. ఆ సంవత్సరమున మద్రాసు అటవీచట్టము వచ్చుట నిజమే. కాని నరకువానికి సంకోచము కలుగవలెనను నీతి అంతకు పదమూడువందల యేండ్లకు పూర్వమే వరాహమిహిరుని గ్రంథమున కలదు.

ఇక మన సీమ కొయ్యలను గూర్చి. నల్లమలలో టేకు, నల్లమద్ది, ఏగిస మొదలగు వృక్షములు కలవు. మెట్టచేల గట్లమీద తుమ్మ, వేప కలవు. బండిచక్రమునకు తుమ్మ, వాకిలికి టేకు, దొరకనిచో వేప, ఇట్లు ఏ పనికి ఏ కొయ్యయో పల్లె వడ్రంగికి తెలియును. ఆ వడ్రంగియే తీరిక దొరకినప్పుడు శిల్పి యగును. కలవారి యింటి ద్వారబంధమునకు పైకమ్మిమీద గజలక్ష్మిని, ప్రక్కకమ్ములమీద చిలుకలను, తామరలను, తీగలను చెక్కును. దేవాలయమునకు హంస, గరుడ, గజ, హనుమంత వాహనములను చేయును. అహోబిలము, ఒంటిమిట్ట వంటి క్షేత్రముల రథోత్సవములకు తేరు కావలెను. తేరు ఒకరి చేతిపని కాదు. క్రింది అంతస్తుల చుట్టును దశావతారములు, కృష్ణలీలలు, యాళులు, ఏనుగులు చిన్నచిన్న పలకలుగా చెక్కి బిగింతురు. పలుగురు శిల్పులు ఒక్కచోట కూర్చుండి చెక్కుచున్నప్పుడు ఒకని పలకను మరియొకడు చూడకుండ ఉండలేడు. వీడు తొండము త్రిప్పిన తీరు వాడు నేర్చును, వాడు తీగ వంచిన తీరు వీడు నేర్చును. చిన్నవాడు అరుగు చివర కూర్చుండి ఇద్దరివద్దను నేర్చును. గ్రంథములకన్న ఎక్కువగా ఈ విద్యను కాపాడినది ఈ తేరుపందిరియే యని నా యభిప్రాయము.

అన్ని కొయ్యలలోను కడపసీమకు ప్రత్యేకమైన దొకటి కలదు. అది ఎర్రచందనము. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండ మొదలగు తూర్పుకనుమల దక్షిణభాగపు కొండలలోనే యిది సహజముగా పెరుగును. ప్రపంచమున మరెక్కడను అడవిచెట్టుగా కానరాదు. మన్ను పలుచనై, రాయి పైకి తేలిన ఎండుకొండ దీనికి ప్రియము. నిదానముగా పెరుగును, లోపలి చేవ తయారగుటకు దశాబ్దములు పట్టును. పైచెక్క తెల్లగా నుండును, చేవ ముదురు ఎరుపుగా నుండును. బాగుగా చేవదేరిన ముక్క నీటిలో వేసినచో మునుగును. మంచిగంధమువలె సువాసన లేదు. అమరకోశములో దీనికి తిలపర్ణి, పత్రాంగము, రంజనము, రక్తచందనము, కుచందనము అని పేర్లు కలవు. రంజనమనగా రంగు వేయునది. ఆ యొక్క పేరులోనే దీని వాణిజ్యచరిత్ర యంతయు ఇమిడియున్నది.

ఎర్రచందనము మన కొండలు విడిచి దూరదేశములకు పోవుట మూడుమార్లు జరిగినది. మొదటిది రంగు కొరకు. పదునేడవ శతాబ్దమునుండి యూరపు వర్తకులు మన తూర్పుతీరపు రేవులలో దీనిని కొని ఓడలకెక్కించి, అచ్చట ఉన్నిబట్టలకు ఎరుపు వేయుటకు వాడిరి. 1856లో ఇంగ్లాండున కృత్రిమమైన రంగు కనుగొనబడిన పిదప, ఇట్టి కొయ్యరంగులకు క్రమముగా గిరాకి తగ్గిపోయినది. రెండవది సంగీతము కొరకు. జపానువారు శామిసెన్ అను మూడుతంత్రుల వాద్యమును వాయింతురు. దాని పొడవైన దండికి ఎర్రచందనపు చేవ మిక్కిలి శ్రేష్ఠమని వారు ఎంచిరి. సుడులుగా, అలలుగా నార గల దుంగకు వారు హెచ్చు వెల నిచ్చిరి. మూడవది మన కాలమున జరుగుచున్న దొంగరవాణా. చైనా మొదలగు దేశములలో ఈ కొయ్యతో చేసిన గృహోపకరణములకు గల వెలయే దీనికి మూలము.

ఈ మూడుసార్లును జరిగిన దొక్కటే. కొయ్య తూకమునకు పోయినది. మన కొండ చెట్టు నిచ్చినది. మన చేయి దానికేమియు చేర్చలేదు. దుంగగా పోయినది అచ్చట రంగయ్యెను, వాద్యమయ్యెను, పీటయయ్యెను. పేరు వారికి వచ్చినది. మనకు మిగిలినది మొద్దు.

ఈ మూడవ యుగము కేవలము ధననష్టముతో ఆగలేదు. అంతర్జాతీయ వ్యాపారమును అదుపుచేయు సైటీసు ఒడంబడికలో ఈ వృక్షము 1995లో చేర్చబడినది. శేషాచల ప్రాంతము 4,755 చదరపు కిలోమీటర్ల మేర 2010లో జీవావరణ పరిరక్షణ ప్రదేశముగా ప్రకటింపబడినది. అయినను నరకుట ఆగలేదు. 2013 డిసెంబరులో శేషాచలపు అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులు దొంగనరకువారి చేత చంపబడిరి. 2015 ఏప్రిల్ 7వ తేదీన అదే కొండలలో తమిళనాడునుండి వచ్చిన ఇరువదిమంది పోలీసు కాల్పులలో మరణించిరి. చంపబడిన ఉద్యోగికిని ఇల్లు కలదు, కాల్పులలో పడిన కూలివానికిని ఇల్లు కలదు. దుంగ వెలలో పెద్దభాగము తిన్నవాడు ఆ కొండ ఎక్కినవాడు కాడు. పట్టుబడిన దుంగలు వేలకొలది టన్నులు పోగుపడగా, 2014లో ప్రభుత్వము వానిని ప్రపంచవర్తకులకు వేలము వేసినది. ఆ గిడ్డంగులలోని దుంగలను లెక్కించినవారు టన్నులు చెప్పిరి. ఆ టన్నులలో ఎన్ని బొమ్మలు దాగియుండెనో లెక్కించినవారు లేరు.

ఇప్పుడు బొమ్మల కడకు వత్తము. కోడూరు సమీపమున, రైలుదారికి దూరము కాని చోట, శెట్టిగుంట యను గ్రామము కలదు. ఇది చిరకాలము కడప జిల్లాలోనిదిగా ఉండినది. ఎర్రచందనపు కొయ్యతో బొమ్మలు చెక్కుటకు ఈ గ్రామము పేరుగన్నది. రాష్ట్ర హస్తకళాసంస్థవారి లేపాక్షి అంగళ్లలో ఈ బొమ్మలను చూచినవారు మీలో కలరు. వేంకటేశ్వరుడు, వినాయకుడు, వేణుగోపాలుడు, లక్ష్మి, ఏనుగులు, దంపతుల బొమ్మలు, ఇవి అక్కడివారు చేయు పనులలో ముఖ్యములు.

పని జరుగు తీరును కొంచెము చెప్పెదను. మొదట ఎండిన ముక్కను కొలతకు రంపముతో కోయుదురు. తెల్లచెక్కను తొలగించి చేవను బయటపెట్టుదురు. నడుమ నిట్టనిలువుగా గీత గీయుదురు; దానిని బ్రహ్మసూత్ర మందురు. ముఖము పొడవు ఒక తాళము. ఆ తాళముతో తక్కిన దేహమును కొలుతురు. దేవతామూర్తులలో పెక్కింటికి నవతాళము గాని దశతాళము గాని, వినాయకునికి పంచతాళము. అందుచేతనే వినాయకుడు పొట్టిగా, బొజ్జతో ముద్దుగా కానవచ్చును. పిదప బాడిసతో మోటుగా రూపము తీసి, ఉలితో అవయవములు తేల్చి, ఆకురాయితో నునుపు చేయుదురు. ఎర్రచందనము మిక్కిలి గట్టిది. ఉలి మాటిమాటికి పదును కోల్పోవును. నారకు అడ్డముగా సాగిన సన్నని చేయి ఇట్టే విరుగును. పాతకాలపు చందనపు బొమ్మలలో చేతులు దేహమునకు అంటియుండుట మీరు గమనించియుందురు. చేతకానితనముచేత శిల్పి వానిని అట్లు చేయలేదు. కొయ్య యెంతవరకు ఒప్పుకొనునో తెలిసి చేసినాడు.

ఆ పాతబొమ్మలనే మరపాచి బొమ్మలనియు, తిరుపతి బొమ్మలనియు పిలుతురు. రాజురాణి జంటగా ఎర్రచందనముతో చేసి, పెండ్లిలో కూతురికిచ్చు ఆచారము దక్షిణదేశమున చాల ఇండ్లలో ఉండినది. ఆ జంటయే క్రొత్తకోడలి బొమ్మలకొలువునకు మొదటి మెట్టు. చంటిపిల్లకు పండ్లు వచ్చుచున్నప్పుడు ఆ బొమ్మనే చేతికిచ్చెడివారు. వాపులకు సానపై అరగదీసి పట్టు వేసెడివారు. అందుచే కొన్ని ఇండ్లలో రాణీగారి తల అరిగి గుండ్రాయివలె నుండును. అది బొమ్మకు వచ్చిన చేటు కాదు. మూడు తరముల పిల్లలకు అది చేసిన సేవ.

దసరాలలో కొలువు పెట్టుట బొమ్మల నొకచోట ఉంచుట మాత్రమే కాదు. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి, ఈయేడు క్రొత్తది యేది, ఎవరు చేసినారు, ఎక్కడ కొన్నారు అని అడుగుదురు. తేరుపందిరిలో శిల్పులు ఒకరి పని నొకరు చూచుకొన్నట్లే, కొలువుమెట్లమీద ఊరివారు శిల్పుల పనిని చూచిరి. చూచి అడుగువారు ఉన్నంతకాలము చేయువారు ఉండిరి. నేడు కొలువుమెట్లమీద అచ్చుపోసిన సున్నపుబొమ్మలును, దూరదేశపు ప్లాస్టిక్కు బొమ్మలును చేరినవి. వానిని చేసినవాని పేరు ఎవ్వరును అడుగరు; అడిగినను చెప్పువారు లేరు.

ఇక ఆపద యేమో చెప్పెదను. దొంగరవాణాను అరికట్టుటకు చట్టము కఠినము కావలసినదే. అందు సందేహము లేదు. కాని చట్టము కఠినమైనకొద్ది, న్యాయముగా ఒక జానెడు ముక్క కావలసిన శిల్పికి కూడ కొయ్య దొరకుట కష్టమగును. దొంగదుంగతో చేసిన బొమ్మ శిల్పిని చెరసాలకు పంపును. న్యాయమైన ముక్క దొరకనిచో అతడు వేరు కొయ్యకు మారవలెను, లేదా ఉలిని అటకమీద పెట్టి కూలికి పోవలెను. ఆ ఉలి ఒక్కతరము అటకమీద ఉన్నచో మరల దిగదు. చెట్టును కాపాడుటయు, చేతిని కాపాడుటయు ఒకదాని కొకటి విరోధములని తలంపరాదు. దుంగను తూకమునకు అమ్మువానికి అడవి యంతయు చాలదు. శిల్పికి దుంగ కాదు, దుంగ కోయగా మిగిలిన ముక్క చాలును. పట్టుబడి గిడ్డంగులలో పడియున్న కొయ్యలో నూరవపాలు శిల్పులకు న్యాయమైన వెలకు చేరినను ఆ గ్రామపు ఉలులు చిరకాలము ఆడును.

ఇందు ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను. పల్లెలలో పెద్దలుగా నున్న మీరు చేయదగినవియు నాలుగు కలవు.

మొదటిది, మీ ఊరి దేవళమునకు క్రొత్త వాహనము గాని, తేరు బాగుచేయుట గాని అవసరమైనప్పుడు, ఇనుపకడ్డీలతో అతికించి రంగు పూయుటకు తొందరపడక, చెక్కుట తెలిసినవానికి కబురుపెట్టుడు. వెల కొంచెము హెచ్చగును. కాని ఆ పందిరి క్రింద నలుగురు కుర్రవాండ్రు నేర్చుకొందురు. ఆ నేర్పు వెలలో చేర్చి లెక్కించినచో హెచ్చు కాదు.

రెండవది, పాత ఇల్లు పడగొట్టి మిద్దె కట్టునప్పుడు చెక్కిన ద్వారబంధములను, తలుపులను పాతసామాను వర్తకులు వచ్చి అడుగుదురు. మీరు వంటచెరకు వెలకు ఇచ్చినది పట్టణములలో గొప్పవారి ముంగిళ్లలో మరల నిలుచును. అమ్మకుడు. క్రొత్త ఇంటికే ఆ వాకిలి పెట్టించుడు. అది కుదరనిచో ఊరి బడిలోనో, దేవళములోనో ఉంచుడు. మీ తాత గడపమీద ఏ చిలుకను చెక్కించెనో మీ మనుమడు చూడవలెను.

మూడవది, ఎర్రచందనమును మీ పట్టాభూముల గట్లమీద నాటవచ్చును. వానలు తక్కువైన మన నేలకు అది తగిన చెట్టు. నరకుటకును, తరలించుటకును అటవీశాఖ అనుమతి కావలెను, అది మరువరాదు. నాటినవాడు దాని చేవను చూడకపోవచ్చును. చింతచెట్టు నాటిన మన తాతలు మాత్రము దాని పండు తమకే యని నాటిరా?

నాలుగవది, పెండ్లిలో కూతురికి మరల ఒక చందనపు జంట నిండు. అది న్యాయముగా చేసిన శిల్పివద్ద, రసీదుతో కొన్నదై యుండవలెను. బంగారము ఇచ్చినప్పుడు కంసాలి పేరు చెప్పుకొనుట మన వాడుక. అట్లే ఆ బొమ్మ చెక్కినవాని పేరును, అతని ఊరిపేరును కూతురికి చెప్పి పంపుడు.

కలమళ్లలో రాతిమీద చెక్కిన అక్షరములను నేటికిని చదువుచున్నాము. ఆ కాలపు కొయ్యపని ఒక్కటియు మనకు మిగులలేదు. అయినను ఆ కాలపు కొయ్యపనివాని చేయి మాత్రము తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు వచ్చి, శెట్టిగుంటలో నేటికిని ఉలి పట్టుచున్నది. రాయి తన్ను తాను కాపాడుకొనును. చేతిని కాపాడవలసినవారము మనము. ఈ మాట మీ ఊరి రచ్చబండ కడ నలుగురితో చెప్పుదురని ఆశించుచు, మీయొద్ద సెలవు తీసికొనుచున్నాను.